ఒక అడుగు ఎడం

పదో తరగతి ప్రేమకు మన సినిమాల్లో ఒక అచ్చు తయారై ఉంది. అబ్బాయి వెంటపడతాడు. అమ్మాయి విసుక్కుంటుంది. ఆ విసుగునే ఇష్టానికి తొలిమెట్టుగా లెక్కగట్టి, రెండో పాట వచ్చేసరికి ఆమె చేత నవ్వించేస్తారు. సి. ప్రేమ్‌కుమార్ రాసి తీసిన తమిళ చిత్రం ‘96’ (2018) ఆ అచ్చును పక్కన పడేసింది. ఇష్టపడ్డవాడికి హద్దు తెలిసి ఉంటే కథ చప్పబడిపోతుందన్న భయం చాలామంది దర్శకులకు ఉంటుంది. ప్రేమ్‌కుమార్ ఆ హద్దునే పట్టుకుని రెండున్నర గంటలకు పైగా కథ నడిపించాడు. ఆ పనితనం ఎలా సాగిందో దగ్గరగా చూడాలి.

కథ చిన్నదే. 1994లో తంజావూరులో పదో తరగతి చదువుతున్న రామచంద్రన్‌కి, జానకీదేవికి ఒకరంటే ఒకరికి ఇష్టం. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనరు. సెలవులయ్యాక బడి తెరిచేసరికి రామ్ ఉండడు. తండ్రి అప్పుల వల్ల ఆ కుటుంబం రాత్రికి రాత్రి ఊరు వదిలి వెళ్లిపోయింది. మళ్లీ కలవడం ఇరవై రెండేళ్లకు, చెన్నైలో పాత విద్యార్థుల కలయికలో. రామ్ ఊళ్లు తిరిగే ఫొటోగ్రాఫర్, పెళ్లి చేసుకోలేదు. జాను సింగపూర్ నుంచి వచ్చింది, పెళ్లయింది, కూతురుంది, తెల్లారితే విమానం ఎక్కాలి. విజయ్ సేతుపతి, త్రిష చేసిన ఈ పాత్రలనే 2020 ఫిబ్రవరిలో వచ్చిన తెలుగు ‘జాను’లో శర్వానంద్, సమంత చేశారు. దిల్ రాజు నిర్మించిన ఆ చిత్రానికీ ప్రేమ్‌కుమారే దర్శకుడు, గోవింద్ వసంతే సంగీత దర్శకుడు. చిన్న జానుగా గౌరీ కిషన్ రెండు భాషల్లోనూ కనిపిస్తుంది.

ప్రేమ్‌కుమార్ దర్శకుడు కాకముందు ఛాయాగ్రాహకుడు. ఆ కన్ను ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. ఇంకొకరైతే సంభాషణ రాసేచోట ఇతను ఇద్దరి మధ్య ఎడం ఎంతో చూపిస్తాడు. జ్వరం వచ్చి బడికి రాని రామ్ తిరిగొచ్చిన రోజున జాను ఏమైందని అడుగుతూ అతని గుండె మీద చెయ్యి వేస్తుంది. పిల్లవాడు అక్కడికక్కడే సొమ్మసిల్లి పడిపోతాడు. హాలంతా నవ్వే సన్నివేశమే. కానీ అందులో దర్శకుడు ఒక నియమం కూడా పాతేశాడు. సినిమా మొత్తంలో చెయ్యి చాపేది జానే. చివరి పరీక్ష రోజున రామ్ చొక్కా మీద సిరా చిలకరించేది ఆమె. పెద్దయ్యాక కలిసినప్పుడు ముందుకు అడుగు వేసేది ఆమె, వెనక్కి జరిగేది అతను. విమానాశ్రయానికి వెళ్లే కారులో గేరు మీదున్న అతని చేతి మీద చెయ్యి వేసేదీ ఆమే. ఒక్కొక్కటిగా చూస్తే మామూలు ముచ్చట్లే. వరసపెట్టి చూస్తే, ఎంత దగ్గరకు రావాలన్నది తేల్చుకునే హక్కును కథకుడు అమ్మాయి చేతికే ఇచ్చాడని అర్థమవుతుంది.

దీన్ని నిలబెట్టడంలో నటుల వంతు పెద్దది. విజయ్ సేతుపతిది భారీ విగ్రహం. జాను ఎదుట ఆ మనిషి భుజాలు ముడుచుకుని, చూపు దించుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పదో తరగతి కుర్రాడైపోతాడు. చిన్న రామ్‌గా చేసిన ఆదిత్య భాస్కర్ (నటుడు ఎం.ఎస్. భాస్కర్ కొడుకు) బిడియానికి, పెద్ద రామ్ బిడియానికి అతుకు కనిపించదు.

ఇక పాట సంగతి. జాను పాడుతుంది. ఆమెకు పేరు పెట్టింది మన రేపల్లె వైపు పల్లపట్లలో పుట్టిన గాయని ఎస్. జానకి పేరు మీద. తరగతిలో ఆమె పాడిన ప్రతిసారీ రామ్ స్నేహితురాలు శుభ ద్వారా ఒకే పాట అడిగిస్తాడు. ఇళయరాజా స్వరపరచిన ‘దళపతి’ (1991)లో, యమున ఒడ్డున రాధ ఎదురుచూపుల పాట. జాను ప్రతిసారీ ఇంకోటి పాడుతుంది. రామ్ అలగడు, నిలదీయడు, మళ్లీ అడిగిస్తాడు, అంతే. ఇరవై రెండేళ్ల తర్వాత అతని ఇంట్లో కరెంటు పోయిన చీకట్లో, ఎవరూ అడగకుండానే, ఆమె ఆ పాట అందుకుంటుంది. దీపం కోసం వెతుకుతున్న రామ్ అన్నింటినీ తట్టుకుంటూ పరుగెత్తుకొస్తాడు. వాయిద్యాల హంగు లేదు, వట్టి గొంతే. ఇష్టపడ్డవాళ్లను అడగడం వరకే మన పని, ఇవ్వడమా మానడమా అన్నది వాళ్ల పని అనే సంగతిని ఒక పాటను దాచిపెట్టి చెప్పిన తీరు ఇది. బడిలోనే పాడించేసి ఉంటే ఈ రాత్రికి ఇంత బరువు ఉండేది కాదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష కాలేజీ ఘట్టం. ఊరు వదిలిన కొన్నేళ్లకు రామ్ జానును వెతుక్కుంటూ ఆమె కాలేజీకి వస్తాడు. ఒకమ్మాయి చేత కబురంపుతాడు. కబురు చేరేలోపు పేరు తారుమారవుతుంది. ఇంకెవరో వచ్చారనుకున్న జాను, మళ్లీ రావద్దని చెప్పి పంపేస్తుంది. రామ్ వెళ్లిపోతాడు. గేటు దగ్గర కాపు కాయడు, గోడ దూకడు. ఈ సంగతి ఇన్నేళ్లకు అతని నోట విన్న జాను కుప్పకూలి ఏడుస్తుంది. ఆ తర్వాత కాఫీ షాపులో రామ్ శిష్యురాళ్లు ఆమెను అతని భార్య అనుకుంటే, కాదనకుండా వాళ్లకు తమ ‘పెళ్లి కథ’ చెబుతుంది. అందులో కాలేజీకి వచ్చిన రామ్‌ను తాను కలుసుకున్నట్టు కల్పిస్తుంది. ఒకే సంఘటన మనకు రెండుసార్లు వినబడుతుంది, జరిగినట్టు ఒకసారి, జరగాల్సినట్టు ఒకసారి. ‘వద్దు’ అన్న మాట పొరపాటున వచ్చినా, దాన్ని మన్నించినందుకు రామ్‌ను చిత్రం ఎక్కడా చేతకానివాణ్ని చేయదు. నష్టం ఎంతో దాచదు కూడా. మర్యాదకు ఖరీదు ఉంటుందని చూపించే ఈ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

అయితే నాకు మింగుడుపడనిది కూడా ఒకటుంది. ఆమె పెళ్లి దాకా ఆమెకు తెలియకుండానే రామ్ ఆమె సంగతులు కనిపెడుతూ వచ్చాడని తర్వాత తెలుస్తుంది. చిత్రం దీన్ని ప్రేమ లోతుగా లెక్కవేసింది. జాను వైపు నుంచి చూస్తే, తనను ఒకరు చూస్తున్నారని తెలియని మనిషికి ‘చూడొద్దు’ అనే వీలే ఉండదు. గుండె మీద చెయ్యి పడితేనే కూలిపోయిన పిల్లవాడు, కాలేజీ గేటు నుంచి మారుమాట లేకుండా వెనుదిరిగిన కుర్రాడు ఇక్కడ మాత్రం తన గీత తానే దాటాడు. కథకుడు ఇంకొంచెం కఠినంగా ఉండాల్సింది.

పెద్దవాళ్లయిన ఇద్దరి రాత్రి విషయంలో ఆ కఠినత్వం మళ్లీ కనిపిస్తుంది. తడిసిన బట్టలు, ఖాళీ ఇల్లు, నగరమంతా నిద్ర. ఏమవుతుందోనని స్నేహితులకు బెంగ. కౌగిలింత కూడా లేకుండానే తెల్లారుతుంది. కాపలా ఎవరూ లేరు. ఆమెకు ఒక ఇల్లు ఉందన్న ఎరుక ఇద్దరికీ ఉంది, అది చాలింది.

పదిహేనేళ్ల వయసులో ఇష్టం పుట్టడాన్ని ఈ సినిమా నేరం అనదు, గొప్పా చేయదు. ఆ ఇష్టంతో ఎలా మసలుకోవాలో మాత్రం చూపిస్తుంది. తరగతి గోడ మీద రెండు పేర్లు కలిపి రాసి ఏడిపించే బళ్లలో, ‘మంచిగా చదువుకో’ తప్ప ఇంకో మాట తెలియని ఇళ్లలో, ‘96’ గానీ ‘జాను’ గానీ పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని చూడదగ్గవి. చూశాక రామ్ మంచివాడా అని అడిగితే అందరూ అవుననే అంటారు. పెళ్లి దాకా జానుకు తెలియకుండా ఆమె సంగతులు కనిపెట్టడం సబబేనా అని అడగండి. ‘సబబే’ అన్న పిల్లవాడితో మాట్లాడాల్సింది ఇంకా ఉంది.