‘పొతిజో’ క్రియ – తెలుగు పర్యాయములు

ప్రాచీన గ్రీకు భాషలో ‘పొతిజో’ అను క్రియ యొకటి కలదు. పానము అను నర్థము గల ‘పొతొస్’ అను నామమునుండి ఏర్పడిన దిది. దీని మూలము సంస్కృతమునందలి ‘పా’ ధాతువునకు జ్ఞాతి. కావున దీని ప్రథమార్థము ‘త్రాగించుట’. త్రాగునది మనుష్యుడైనను, పశువైనను, మొక్కయైనను గ్రీకునకు క్రియ యొక్కటియే. అది తెలుగులోనికి వచ్చునప్పటికి పలు క్రియలుగా విడిపోయినది. ఆ విభాగము మన భాషాస్వభావముచే నేర్పడినదా, అనువాదకుల యెన్నికచే నేర్పడినదా అనునదే ఇచ్చట మేము విచారింప దలచిన విషయము.

మొదట గ్రీకు ప్రయోగములను చూతము. ప్లేటో ‘ఫయిద్రస్’ సంవాదమున, ఊర్ధ్వలోక యాత్రనుండి మరలిన సారథి తన గుఱ్ఱములకు అమృతరసము నొసగు ఘట్టమున ఈ క్రియ వచ్చును. జెనొఫన్ ‘విందు’ అను గ్రంథమున సోక్రటీసు మద్యపానమునకు మొక్కలను ఉపమానముగా దెచ్చును. దైవము మితిమీరి నీరొసగినచో మొక్కలు నిలువజాలవనియు, తృప్తిమేరకు త్రాగినచో నిటారుగా పెరిగి ఫలించుననియు నాతని భావము. ఇచ్చట మొక్క పానము చేయు ప్రాణి. క్రియకు రెండర్థములు నుండుటచేతనే ఆ యుపమానము నిలిచినది. మన ‘పాదప’ శబ్దమునందును ఈ భావమే కలదు: పాదములతో త్రాగునది పాదపము. హెరొడొటస్ ఈజిప్టు పొలములను నది తానై వచ్చి తడుపుటను చెప్పుచు ‘అర్దో’ అను వేఱొక క్రియను వాడెను. ఆ క్రియ పశువులకును వర్తించునుగాని, దాని రూపమున పానార్థము స్ఫురింపదు.

ఇక తెలుగు బైబిలు. బహుళప్రచారమున నున్న పాత యనువాదమున మత్తయి 25వ అధ్యాయమందు దప్పిగొన్నవాని విషయమున ఈ క్రియ ‘దాహమిచ్చు’ అయినది. లూకా 13వ అధ్యాయమందు ఎద్దు విషయమున ‘నీళ్లు పెట్టు’ అయినది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికయందు పాల విషయమున ‘పెంచు’, మొక్క విషయమున ‘నీళ్లు పోయు’, ఆత్మ విషయమున ‘పానము చేయు’ అయినది. వీనిలో ‘దాహమిచ్చు’, ‘నీళ్లు పెట్టు’ అనునవి అచ్చమైన తెలుగు నుడికారములు. ఆ యనువాదకులు మన పల్లెపలుకును ఎఱిగినవారని ఈ రెండే చాటును.

అయినను ఆ పత్రిక మూడవ అధ్యాయమున ఒక లోపము కలిగినది. అచ్చట పౌలు రెండవ వచనమున సంఘమును పసిబిడ్డగా భావించి పాలు త్రాగించితినని చెప్పును. ఆఱవ వచనమున దానినే పైరుగా భావించి అపొల్లో నీరొసగెనని చెప్పును. రెండింటను క్రియ ‘పొతిజో’యే. బిడ్డనుండి పైరునకు భావము నడచిన వంతెన ఆ క్రియ. ‘పెంచు’, ‘పోయు’ అనువానిని చదివిన తెలుగు పాఠకునకు ఆ వంతెన కానరాదు. అనువాదకుని పక్షమున ఒక సమాధానము కలదు. ఆ రెండవ వచనమున పాలకును ఘనాహారమునకును మూలమున క్రియ యొక్కటియే. అన్నమును త్రాగించుట తెలుగున పొసగదు గనుక రెండింటికి చాలిన ‘పెంచు’ను గ్రహించినాడు. అది న్యాయమే. కాని తెలుగున అట్టి వంతెన లేదనుటకు మాత్రము మేము సమ్మతింపము.

మా స్వగ్రామము పటాన్‌చెరు సమీపమందలి ముత్తంగి. మా బాల్యమున అచ్చటి పెద్దలు బఱ్ఱెలకు నీళ్లు ‘తాపు’దురు; కుడితి ‘పెట్టు’దురు; మడికి నీళ్లు ‘పారించు’దురు, ‘కట్టు’దురు; నారుమొక్కకు ‘పోయు’దురు. నేల యెంత పెట్టినను తాగుచున్నదనుట వింటిమిగాని, నేలకు నీళ్లు తాపుట వినలేదు. అనగా ‘తాగు’ నేలకు చెల్లినను, దాని ప్రేరణరూపము ప్రాణులకే పరిమితము. అయితే ఒక క్రియ ఈ హద్దును దాటినది. అది ‘పట్టు’. తల్లి బిడ్డకు పాలు పట్టును. రైతు జబ్బుచేసిన దూడకు మందు పట్టును. ఆతడే మొక్కలకు నీళ్లు పట్టును. నోటికి అందించి త్రాగునట్లు చేయుట ఈ మూటికిని సామాన్యము. ‘నీళ్లు పట్టు’ అనగా కుండ నింపుకొనుట యనియు నర్థము కలదని యాక్షేపింపవచ్చును. ‘మొక్కకు’ అను పదము చేరినచో ఆ సందేహము తొలగును.

కనుక లోపము భాషది కాదు. భాషలో నున్న పలుకును వెదకకపోవుటయే లోపము. నేడు ముత్తంగి చుట్టుపట్ల చేలు పెక్కు కర్మాగారముల షెడ్లయినవి. మడికి నీళ్లు కట్టువారు తగ్గినకొలది ఆ మాటలు పలుకువారును తగ్గుచున్నారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము మనకు మార్గము చూపినది. పరిశోధక విద్యార్థులు పనిముట్ల పేళ్లతోపాటు క్రియలను, ఏ క్రియ దేనికి ఏ విభక్తితో చెల్లునో ఆ వాక్యములతో సహా, పలుకువారు సజీవులై యుండగనే వ్రాసికొనవలెను. పరభాషా గ్రంథమును తెలుగు చేయువానికి అట్టి పట్టిక నిఘంటువుకంటె నెక్కువ యక్కఱకు వచ్చును.