రెండు గ్రేజ్‌లు, ఒక గది

బూడిదకూ గోధుమకూ నడుమ ఉండే గ్రేజ్ రంగు ఇప్పుడు మెదక్ ఇళ్లలోకీ వచ్చింది. మా ముందుగదికి షేడ్ కార్డులోంచి రెండు తీసిపెట్టుకున్నాం. ‘రెండూ ఒక్కటే గద సార్, ఏదో ఒకటి చెప్పుండ్రి’ అంటాడు పెయింటర్. పుట్టీ, ప్రైమర్ అయిపోయాయి, దసరా దగ్గరపడింది. ఆయన తొందర న్యాయమే. అయినా ఇవి ఒక్కటి కావు.

రంగు ఎంత వెలుతురును తిరిగి ఇస్తుందో చెప్పే కొలత ఎల్‌ఆర్‌వీ: నలుపుకు 0, తెలుపుకు 100. మా రెండిటికీ అది దాదాపు సమానం. తేడా అంతా అడుగున దాగిన ఛాయలో ఉంది. తెల్ల బేస్‌లో నలుపు, పసుపు, ఎరుపు టింట్లు పడితే గ్రేజ్ వస్తుంది. నలుపూ పసుపూ ఎక్కువైతే లోపల్నుంచి పచ్చదనం తొంగిచూస్తుంది, ఎరుపు కాస్త పెరిగితే గులాబీ జాడ. విడివిడిగా చూస్తే ఇది దొరకదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి, మధ్యలో తెల్ల కాగితం ఉంచితే బయటపడుతుంది.

మెదక్ చర్చిని రోజూ చూసేవాళ్లకు వెలుతురు చేసే పని తెలుసు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడపు బూడిద రాయి పొద్దున ఒక తీరు, ఎండ నెత్తికెక్కాక ఒక తీరు, మబ్బు పడితే ఇంకో తీరు.

పెద్ద అట్టల మీద రెండేసి కోట్లు వేయించి, పూర్తిగా ఆరనిచ్చాం. తడి రంగును నమ్మకూడదు. గోడగోడకూ ఆనించి చూశాం. చివరికి తేల్చింది కింద పరిచిన నీలం తాండూరు బండ. ఆ నీలం పక్కన ఎరుపు కలిసిన రంగు మరీ గులాబీగా తేలింది. పచ్చజాడ ఉన్నది కుదురుగా కూర్చుంది. బండను మార్చలేం, టేకు తలుపును మార్చలేం. గోడే వాటికి ఒదగాలి.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద మేం ఎంచిన రంగు కూడా పాలిపోయింది. 3000 కెల్విన్ బల్బు పెట్టాక గోధుమఛాయ తిరిగి వచ్చింది. మా ఇంటిల్లిపాదీ ఆ గదిలో కూర్చునేది అన్నాలయ్యాకే. ఆ వేళకు బాగుండేదే ఆ గదికి తగిన రంగని నా నమ్మకం. బల్బులు మార్చాం.

ఇక పెయింటర్‌కు చెప్పింది ఒక్కటే: గదికి పట్టే రంగంతా ఒకేసారి టింట్ చేయించి, డబ్బాలన్నీ పెద్ద బకెట్లో కలిపాకే బ్రష్ ముంచాలి. ఇంత సన్నటి ఛాయల్లో డబ్బాకూ డబ్బాకూ వచ్చే కొద్దిపాటి తేడా కూడా గోడ మీద గీతలా నిలిచిపోతుంది.