పదును తెలియని ప్రేమికుడు

2005 సంక్రాంతికి 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' విడుదలైతే, కర్నూల్లో మా మేనమామను వెంటబెట్టుకుని పోయాను. కోయిలకుంట్ల దగ్గర ఆయనకు ఐదెకరాల నల్లరేగడి. తెర మీద లండన్ నుంచి దిగిన సంతోష్ (సిద్ధార్థ్), పనీపాటా ఎరగని డబ్బున్నోళ్ల బిడ్డ. వాడు ప్రేమించిన సిరి (త్రిష) కావాలంటే ఆమె అన్న శివరామకృష్ణ కంటే ఎక్కువ పంట తీయాలని పందెం. కొట్టంలో సిద్ధార్థ్ అవస్థ చూసి హాలంతా నవ్వింది, నేనూ నవ్వినా. మామ మాత్రం నా చెవి దగ్గరికొచ్చి, "వానికి నీళ్లుండాయి గదరా!" అన్నాడు.

హాస్యకథలు రాసుకునే నాకు ఆ మాట ఇరవై ఏళ్లుగా పంటి కింద రాయి. అంతకుముందు నా కథల్లోని సోమరి షావుకారు బిడ్డలంతా జోకులేసేవాళ్లు. ఒక్కడూ బతకలేదు. ప్రభుదేవాకు దర్శకుడిగా అదే తొలి సినిమా. డాన్సు మాస్టరు గదా, వంగడం రాని నడుములోనే సగం హాస్యం ఉందని కనిపెట్టేశాడు. వీరు పోట్ల కథ ఇంకో మంచి పని చేసింది: వాడి డబ్బు చెల్లని చోట వాణ్ని నిలబెట్టింది. 2006లో తమిళానికి పోయినప్పుడు త్రిషే మళ్లీ నాయిక. 2013లో హిందీలో ప్రభుదేవానే మళ్లీ తీశాడు.

నిర్మాత ఎం.ఎస్. రాజు అంతకు రెండేళ్ల ముందు, 2003 సంక్రాంతికి, 'ఒక్కడు'లో మా కర్నూలు కొండారెడ్డి బురుజు చూపించాడు. పై ఊళ్లవాళ్లు ఇప్పటికీ మమ్మల్ని దాని గురించే అడుగుతారు. మడక పట్టిన ప్రేమికుడు మాత్రం మా సీమకు రాలేదు.

నేనే తెద్దామనుకున్నా. కేసీ కాలువ కింద సోనా మసూరి వేయిస్తే వాడు గట్టెక్కుతాడేమో, అందుకే రేగడిలో శనగకు దించాను. అక్కడ నీళ్లు పెట్టే పని లేదు, విత్తనం నేల పదును మీదే మొలవాలి. నావాడు సిరికి ఫోన్లో కబుర్లు చెబుతూ రెండు రోజులు జాప్యం చేస్తాడు, పైమట్టి ఆరిపోతుంది. హాస్యం పండిందనుకున్నా.

మామకు చదివి వినిపిస్తే నవ్వలేదు. "గుప్పిట్లో మట్టి పిసికి చూసినాడా వాడు? ముద్దవుతుందో లేదో చూడకుండానే గొర్రు కట్టిచ్చినావే!" అన్నాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

ఇప్పుడు నాలుగోసారి రాస్తున్నా. ఈసారి ఫోన్ తీసేశాను. గుప్పిట్లో మట్టితో వాడు చేనిగట్టున నిలబడి ఉన్నాడు, ఏం చూడాలో ఇంకా తెలీదు.