ప్లాస్టిక్ గుర్రానికి కొత్త నడక

పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ రౌతును, అతని గుర్రాన్ని కోసి, వంచి, అతికి మరో రూపంలోకి తెచ్చే పనిని మోడలింగ్ చేసేవాళ్లు కన్వర్షన్ అంటారు. దళం, దుస్తులు, ఆయుధాలు అలాగే ఉండి భంగిమ ఒక్కటే మారితే అది రీపోజింగ్. సీసపు సైనికుల బొమ్మలు సేకరించేవారిలో ఈ అలవాటు ముందే ఉంది. బ్రిటిష్ మోడల్ సోల్జర్ సొసైటీ 1935లోనే ఏర్పడింది. అయితే చిన్న కత్తికి సులువుగా తెగే ప్లాస్టిక్ వచ్చాక ఈ పని సామాన్యుడి బల్ల మీదికి చేరింది. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1959 నుంచి మెత్తటి పాలిథీన్‌తో చిన్న సైనికులను తయారుచేసింది. 1970లలో 54 మిల్లీమీటర్ల పాలిస్టైరీన్ బొమ్మలను విడి భాగాలుగా అందించింది. ఫ్రాన్స్‌కు చెందిన హిస్టోరెక్స్ నెపోలియన్ కాలపు ఆశ్విక దళాలనే ప్రధానంగా తీసుకుని, జీను నుంచి రికాబు వరకు ప్రతిదీ విడిగా పోతపోసింది. ఆ గుర్రం ఒళ్లు కుడి, ఎడమ సగాలుగా వస్తుంది. ఒక గుర్రం కుడి సగానికి మరో గుర్రం ఎడమ సగాన్ని జతచేస్తే కొత్త నడక పుడుతుంది. మార్పుకు దారి ఆ తయారీలోనే ఉంది.

మార్పు ఎందుకు అవసరమో తెలియాలంటే అచ్చు సంగతి తెలియాలి. ఉక్కు అచ్చు రెండు పలకలుగా ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ చల్లారాక పలకలు చెరోవైపు తిన్నగా విడిపోవాలి. వాటి మధ్య చిక్కుకునే మడత ఏదీ బొమ్మలో ఉండకూడదు. అందుకే ఒకే ముక్కగా పోసిన చిన్న గుర్రాల కాళ్లన్నీ ఒకే తలంలో ఉంటాయి, మెడ పక్కకు తిరగదు, రౌతు చేయి ఒంటికి అంటుకుపోతుంది. పైగా ఒకే అచ్చులోంచి వచ్చిన ఇరవై గుర్రాలను వరసగా నిలిపితే ఇరవయ్యీ ఒకే అడుగు వేస్తాయి. నిజమైన దళంలో ఏ రెండు గుర్రాలూ అలా నడవవు.

గుర్రం ఒడ్డూ పొడుగూ

కత్తి పట్టేముందు గుర్రాన్ని చదవాలి. నుదుటి పైభాగం నుంచి మూతి దాకా ఉన్న తల పొడవే కొలబద్ద. నేల నుంచి మూపు వరకు ఎత్తు దాదాపు రెండున్నర తలలు. ఛాతీ నుంచి పిరుదు వరకు ఒంటి పొడవు కూడా ఇంచుమించు అంతే. మూపు దగ్గర 152 సెంటీమీటర్లు ఉన్న గుర్రం 1/32 స్కేలులో 4.8 సెంటీమీటర్లు ఉంటుంది, తల సుమారు 1.9 సెంటీమీటర్లు. అదే గుర్రం 1/72 స్కేలులో 2.1 సెంటీమీటర్లే. అంత చిన్న ఒంటి మీద ఒక మిల్లీమీటరు తప్పినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కాళ్లు ఎలా మడుచుకుంటాయన్నది రెండో పాఠం. మనం గుర్రం ముంగాలి మోకాలు అనేది నిజానికి మనిషి మణికట్టుకు సమానమైన కీలు. దాని కింది భాగం వెనక్కే మడుచుకుంటుంది. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించే కీలు మడమ. అసలు మోకాలు పొట్ట దగ్గర, చర్మం మడతలో దాగి ఉంటుంది. ఈ మోకాలు, మడమ కండరాల కట్టుతో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, ఒకటి మడుచుకుంటే రెండోదీ మడుచుకోవాల్సిందే. కొత్తగా పని నేర్చేవారు మడమ ఒక్కటే వంచి, మోకాలిని తిన్నగా వదిలేస్తారు. బొమ్మకు ఎంత మంచి రంగు వేసినా ఆ కాలు విరిగినట్టే ఉంటుంది. గుర్రానికి కాలర్ ఎముక (జత్రుక) లేదు. ముంగాళ్లు ఒంటికి కండరాలతోనే వేలాడుతుంటాయి. అందువల్ల ముంగాలు ముందుకు చాచితే భుజపు పలక కూడా కదులుతుంది. కాలితోపాటు భుజం మీది కండనూ తిరిగి మలచాలి.

మూడో పాఠం నడకలు. మామూలు నడకలో నాలుగు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నేల తాకుతాయి. ట్రాట్‌లో కుడి ముంగాలు, ఎడమ వెనక కాలు ఒక జంటగా, మిగిలిన రెండూ మరో జంటగా కదులుతాయి. కాంటర్‌లో మూడు దెబ్బల లయ వినిపిస్తుంది. పూర్తి దౌడులో నాలుగు కాళ్లూ ఒక క్షణం గాలిలో ఉంటాయి. ఆ క్షణంలో కాళ్లు ఎలా ఉంటాయో 1878లో గానీ నిర్ధారణ కాలేదు. గుర్రాల యజమాని లీలండ్ స్టాన్‌ఫర్డ్ ప్రోత్సాహంతో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో వరసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. గాలిలో ఉన్నప్పుడు కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయని తేలింది. 1821లో చిత్రకారుడు జెరికో ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందేన్ని చిత్రించినప్పుడు గుర్రాల ముంగాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి బార్లా చాచి ఉన్నాయి. పాత చిత్రాన్ని నమూనాగా పెట్టుకుంటే బొమ్మలోకి ఆ తప్పే వస్తుంది. మైబ్రిడ్జ్ ఫొటోల వరసలు నేటికీ మోడలర్లకు నమ్మకమైన ఆధారం.

కోత, వంపు, పూడిక

పనిముట్లు కొద్దివే: సన్న పళ్ల రంపం, పదునైన చిన్న కత్తి, ఆకురాళ్లు, ఎమరీ కాగితం, చేతితో తిప్పే సన్న డ్రిల్, ఇత్తడి తీగ, ద్రవరూపంలోని ప్లాస్టిక్ సిమెంటు, రెండు భాగాలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ. పాలిస్టైరీన్‌ను సిమెంటు కరిగించి కలుపుతుంది కాబట్టి అతుకు ఏకముక్క అవుతుంది. పాలిథీన్‌కు ఆ సిమెంటు పనిచేయదు. ఆ బొమ్మను వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక వంచి, వెంటనే చన్నీళ్లలో పెట్టి బిగిస్తారు. విడి ముక్కలను సన్న తీగ గుచ్చి నిలుపుతారు. రంగు పట్టాలంటే ముందుగా సబ్బునీళ్లతో కడిగి జిడ్డు వదిలించాలి.

నిలబడి ఉన్న గుర్రాన్ని నీళ్లు తాగే గుర్రంగా మార్చడం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. మెడ మొదట్లో, గొంతు వైపున ఉలిమొన ఆకారంలో ఒక ముక్క కోసి తీస్తారు. జూలు వైపు పలుచటి పొరను తెగకుండా వదలాలి. మెడను కిందికి వంచితే కింది కోత మూసుకుంటుంది, పైన జూలు వెంట చర్మం సాగినట్టు చిన్న పగులు వస్తుంది. దాన్ని పుట్టీతో నింపుతారు. అంతటితో మూతి నేలను చేరదు. నిజమైన గుర్రం నేల మీది నీటికి వంగేటప్పుడు ఒక ముంగాలిని ముందుకు వేస్తుంది. కాబట్టి ఒక ముంగాలిని భుజం దగ్గర కోసి ముందుకు తిప్పాలి. కోసిన చోట రెండు వైపులా రంధ్రం చేసి ఇత్తడి తీగ గుచ్చితే భాగాలు నిలబడతాయి, సిమెంటు ఆరేలోగా కోణం సరిచూసుకోవచ్చు. ఆ తర్వాత పుట్టీతో భుజం కండ మలచాలి. తడిపిన కత్తి మొనతో నొక్కితే పుట్టీ అంటుకోదు. కళ్లెం పగ్గాలు పాత కొలతకు సరిపోవు, వాటిని తీసి పలుచటి సీసపు రేకు ముక్కలతో కొత్తవి వేస్తారు. వదులుగా వేలాడే పగ్గంలో సన్నని వంపు ఉండాలి, బిగుతుగా పట్టిన పగ్గం గీత గీసినట్టుండాలి.

జూలు, తోక వెంట్రుకలకు పైరోగ్రావ్యూర్ వాడతారు. విద్యుత్తుతో వేడెక్కే సూది ప్లాస్టిక్‌ను కరిగిస్తూ వెంట్రుక గీతలు చెక్కుతుంది. గాలి వీచే దిక్కుకు తోక, జూలు, రౌతు తలపాగా కొస, బల్లెం జెండా అన్నీ ఒకే వైపు పోవాలి. ప్లాస్టిక్ వేడెక్కేచోట కిటికీలు తెరిచి ఉంచడం తప్పనిసరి.

రౌతు, దళం

గుర్రం కదిలితే రౌతు కూడా కదలాలి. నిదానంగా నిలిచిన గుర్రం మీద సరిగా కూర్చున్న రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. దౌడులో నడుం ముందుకు వంగుతుంది. హఠాత్తుగా ఆపినప్పుడు భుజాలు వెనక్కి పోతాయి. నడుం దగ్గర కోసి మొండేన్ని కొద్దిగా పక్కకు తిప్పితే రౌతు వెనకున్న తోటివాడిని చూస్తున్నట్టు అవుతుంది. మోచేయి వంచాలంటే లోపలి వైపు ముక్క కోసి మడవాలి. కోత పడినచోట బట్ట ముడతలు పుట్టీతో కొత్తగా చెక్కాలి, ఎందుకంటే ముడతలు కీలు నుంచి బయలుదేరుతాయి.

దళం మార్చడానికి పుస్తకాలు, పాత ఫొటోలు, మ్యూజియం వస్తువులు తోడు కావాలి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్ల (బల్లెం పట్టే రౌతుల దళాల) గుర్తుగా ముగ్గురి విగ్రహాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ మూడూ 15వ ఇంపీరియల్ సర్వీస్ ఆశ్విక బ్రిగేడ్‌లో పనిచేశాయి. అటువంటి భారతీయ రౌతును యూరోపియన్ లాన్సర్ బొమ్మ నుంచి తయారుచేయాలంటే టోపీని చెక్కేసి, పుట్టీని సన్న పట్టీలుగా చుట్టి తలపాగా కట్టాలి. కోటును కుర్తాగా మార్చాలి. వెదురు బల్లేనికి కణుపులు చూపాలి.

రంగు దగ్గర కూడా గుర్రం మళ్లీ లెక్క అడుగుతుంది. ఎరుపు గోధుమ ఒంటి బే గుర్రానికి జూలు, తోక, కాళ్ల కింది భాగాలు నల్లగా ఉంటాయి. చెస్ట్‌నట్ గుర్రానికి జూలు ఒంటి రంగులోనో, అంతకంటే లేతగానో ఉంటుంది. తెల్లగా కనిపించే గ్రే గుర్రం మూతి దగ్గర చర్మం ముదురు. స్కాట్స్ గ్రేస్ దళం అటువంటి గుర్రాల పేరునే ధరించింది. నెపోలియన్ దళాల్లో బాకా ఊదేవారూ సాధారణంగా గ్రేల మీదే వెళ్లేవారు. చాలామంది మోడలర్లు గోధుమ రంగు నూనె రంగులను లేత అడుగుపొర మీద పూసి, ఉబ్బెత్తు కండరాల మీద గుడ్డతో తుడుస్తారు. అడుగుపొర లోంచి వెలుగు తొంగిచూసి చర్మం మెరుస్తుంది.

ఈ పని విలువ కేవలం కొత్త బొమ్మ దొరకడంలో లేదు. తయారీదారు పోతపోయని దళాన్ని, క్షణాన్ని ఒక మనిషి తన బల్ల మీద నిలబెట్టగలుగుతాడు. అందుకోసం అతను గుర్రం ఎముకను, నడక లయను, ఒకనాటి దర్జీ కుట్టును, జీను చేసేవాడి పట్టీని ఒక్కొక్కటిగా తెలుసుకోవాల్సి వస్తుంది. సరిగా వేసిన ప్రతి కోత వెనకా అలా నేర్చిన ఒక విషయం ఉంటుంది.