గ్రాహమ్ జల్లెడ: గుణదోష విచారణ

అమెరికాలోని కంప్యూటరు నిపుణుడు పాల్ గ్రాహమ్ 2002 ఆగస్టులో "స్పామ్‌కొక పథకము" అను అర్థము వచ్చే పేరుతో ఒక వ్యాసము ప్రకటించినారు. అడగకుండ వచ్చిపడే వ్యాపారపు ఈమెయిళ్ళను, అనగా స్పామ్‌ను, మంచి ఉత్తరముల నుండి వేరుచేసే జల్లెడను ఎట్లా తయారుచేయవలెనో అందులో ఉన్నది. వ్యాసము చిన్నది, హైస్కూలు గణితము వచ్చినవారికి అందుతుంది. ఇరువది ఏండ్లు దాటినా చదువదగినదే. అయితే దానినే ఆఖరుమాటగా తీసుకొని పాఠము చెప్పడము సరికాదని నా అభిప్రాయము.

మొదట దాని గుణము చూతము. జల్లెడ కట్టడమంటే నియమములు వ్రాయడమే అని మొదట తోస్తుంది. ఫలానా మాట కనబడితే త్రోసివేయుము, ఎర్రని అక్షరములుంటే త్రోసివేయుము, అని. గ్రాహమ్ కూడ సుమారు ఆరు నెలలు ఆ దారినే నడిచినారు. 'క్లిక్' అనే ఒక్క మాటను పట్టుకుంటేనే తమ వద్ద పోగైన స్పామ్‌లో 79.7 శాతము పట్టుబడినదట. బాగున్నది. కాని దానితోబాటు మంచి ఉత్తరములు 1.2 శాతము పోయినవి. వేయింటికి పన్నెండు! ఆ పన్నెండింటిలో ఒకటి, ఉపకారవేతనము మంజూరైనదనీ ఫలానా తేదీలోగా కాగితములు పంపవలెననీ ఒక విద్యార్థికి వ్రాసినది కావచ్చును. స్పామ్ ఒకటి జారి వస్తే చెరిపివేయడానికి రెండు సెకండ్లు చాలు. మంచి ఉత్తరము పోతే, పోయినదన్న సంగతే తెలియదు. ఈ రెండు తప్పులూ సమానము కావని గ్రాహమ్ గట్టిగా చెప్పినారు. మొటిమల మందు రోగి ప్రాణము మీదికి తేగూడదు గదా అని పోల్చినారు. వ్యాసములో నాకన్నిటికంటె నచ్చిన భాగమిది.

ఇక పద్ధతి. 1763లో, గ్రంథకర్త మరణానంతరము, వెలువడిన థామస్ బేయిస్ సంభావ్యతా సిద్ధాంతము దీనికి మూలము. గ్రాహమ్ 4000 మంచి ఉత్తరములు, 4000 స్పామ్ ప్రక్కప్రక్కన పెట్టి ప్రతి మాటా ఎక్కడ ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించినారు. ఉదాహరణకు 'బహుమతి' అనే మాట స్పామ్‌లో 200 సార్లు, మంచివానిలో 10 సార్లు వచ్చినదనుకొందము. మంచి లెక్కను ఆయన రెట్టింపు చేస్తారు. 10 కాస్త 20 అవుతుంది. అప్పుడు ఆ మాట గల ఉత్తరము స్పామ్ అయ్యే సంభావ్యత 200ను 220 చేత భాగింపగా 0.91. రెట్టింపు చేయకపోతే 0.95. క్రొత్త ఉత్తరము రాగానే అందులో 0.5కు మిక్కిలి దూరముగా ఉన్న 15 మాటలను ఏరి, వాటి విలువలను గుణించి కలుపుతారు. ఫలితము 0.9 దాటితే అది స్పామ్.

రెట్టింపు ఎందుకు? మూడు రెట్లు ఏల కాదు? 0.9 ఎక్కడిది? ఇవి సిద్ధాంతము నుండి పుట్టినవి కావు; చేసి చూసి, సరిపెట్టుకొన్నవి. అందులో తప్పులేదు. జల్లెడ కన్ను పెద్దది చేయడము, చిన్నది చేయడము అంటే ఇదే. అయితే తరగతిలో చెప్పేటప్పుడు బేయిస్ సూత్రము ఏది, మనిషి చేతివాటము ఏది అన్నది విడదీసి చెప్పవలెను.

అసలు దోషము గుణకారములో ఉన్నది. 0.9 విలువ గల మాటలు రెండు కలిస్తే ఫలితము 0.988, మూడు కలిస్తే 0.9986. ప్రతి మాటా స్వతంత్ర సాక్షి అనుకొంటేనే ఈ లెక్క చెల్లుతుంది. 'ఉచితము', 'బహుమతి' జంటగా తిరిగే మాటలు. ఒకే ఇంటి అన్నదమ్ములు ఇద్దరు వచ్చి ఒకే మాట చెబితే న్యాయాధిపతి దానిని రెండు సాక్ష్యములుగా లెక్కించునా? అందుచేత ఈ జల్లెడకు సందేహమన్నది దాదాపు ఉండదు; ఏ ఉత్తరమైనా 0 దగ్గరకో 1 దగ్గరకో పరుగెత్తుతుంది. తరువాత గేరీ రాబిన్సన్ చూపిన మార్పులను గ్రహించి 'స్పామ్‌బేయిస్' నిర్మాతలు మూడవ కుప్ప పెట్టినారు: మంచివి, చెడ్డవి, తేలనివి. ఉపకారవేతనపు ఉత్తరమునకు నిజమైన రక్షణ ఆ మూడవ కుప్పే.

స్పామ్ పంపేవారికి గిట్టుబాటు కాకుండ చేస్తే అది ఆగిపోతుందన్న ఆశ నెరవేరలేదు. 2023లో కూడ ప్రపంచపు ఈమెయిళ్ళలో దాదాపు సగము స్పామే. బేయిస్ పద్ధతిని 1998లోనే సహామీ ప్రభృతులు ప్రయోగించినారని కూడ పాఠకులు ఎరుగుదురు గాక.

జల్లెడ ఒకసారి కట్టి వదిలేసే వస్తువు కాదు. దానికి నిత్యము నేర్పేది వాడేవాడే. తానే అడిగి తెప్పించుకొన్న పత్రిక మీద విసుగుపుట్టి 'స్పామ్' మీట నొక్కేవాడు జల్లెడకు అబద్ధము నేర్పుతున్నాడు. జీమెయిలు స్పామ్ పెట్టెలో ఉత్తరము 30 దినములే నిలుస్తుంది. వారమునకొకసారి అందులోకి తొంగిచూసి, పొరపాటున పడినదానిని 'స్పామ్ కాదు' అని గుర్తుపెట్టి వెనుకకు తేవడము అవసరము.

తెలుగువారికి మరొక చిక్కు. రెట్టింపు తరువాత కూడ మొత్తము 5కు చేరని మాటను గ్రాహమ్ లెక్కలోకి తీసుకోరు. దానికి ఎన్నడూ చూడని మాటకిచ్చే 0.4 విలువే. ఇంగ్లీషుకు ఇది బాధించదు. మనకు పరీక్ష, పరీక్షకు, పరీక్షలో, పరీక్షలను అని విభక్తుల వెంట ఒకే మాట పది రూపములు దాల్చుతుంది. మంచి ఉత్తరములలో ఇరువదిసార్లు వచ్చినా, ఒక్కొక్క రూపము రెండేసి సార్లే వస్తే రెట్టింపు చేసినా నాలుగే. ఒక్కటీ లెక్కకు నిలువదు. 1998లో పాంటెల్, లిన్ అనువారు మాటలను ధాతువులకు కుదించినందుకు గ్రాహమ్ 2003 నాటి రెండవ వ్యాసములో తొందరపాటని విమర్శించినారు. ఆ తీర్పు ఇంగ్లీషు ఉత్తరముల మీద ఇచ్చినది. తెలుగుకు చెల్లునో లేదో, రెండు మూడు వందల తెలుగు ఉత్తరములు తీసుకొని, ప్రత్యయములతో ఒకమారు, ప్రత్యయములు తీసివేసి ఒకమారు లెక్కవేసి మన విద్యార్థులే తేల్చవచ్చును.