నిబద్ధత ఎవరికి?

సాహిత్యంలో నిబద్ధత అనే మాటను మనం గౌరవంతో వాడుతాము. 1973లో ఆ మాటే న్యాయమూర్తుల విషయంలో వినిపించినప్పుడు వామపక్షంలో చాలామంది అదే గౌరవంతో దానిని స్వీకరించినారు. మాట ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటేనా? ఇది తేల్చుకొనడానికి ఆనాటి ఒక చిన్న పుస్తకాన్ని పరిశీలించదలచినాను.

న్యాయమూర్తుల నియామకాన్ని గురించి మోహన్ కుమారమంగళం 1973లో ప్రకటించిన పుస్తకమది. రచయిత ఒకప్పటి కమ్యూనిస్టు నాయకుడు. అప్పటికి ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఉక్కు, గనుల మంత్రి. ఆ ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. మరునాడే షెలత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్లను కాదని, ప్రధాన న్యాయమూర్తిగా ఏ.ఎన్. రే నియామకం వెల్లడి అయింది. ఆ ముగ్గురూ తీర్పులో ప్రభుత్వ వాదనను తిరస్కరించినవారు, రే ఆమోదించినవాడు. ముగ్గురూ రాజీనామా చేసినారు.

ఈ నియామకాన్ని కుమారమంగళం రెండు విధాల సమర్థించినాడు. సీనియారిటీ ఒక్కటే చాలదని 1958 నాటి లా కమిషన్ నివేదికే చెప్పిందన్నది మొదటిది. ప్రతి న్యాయమూర్తికీ ఒక జీవిత దృక్పథం ఉంటుంది గనుక, దానిని చూచి ఎన్నుకొనడం ప్రభుత్వానికి తగినదేనన్నది రెండవది.

ఈ వాదనలో సత్యం లేకపోలేదు. 1967లో గోలక్‌నాథ్ తీర్పు ద్వారా ప్రాథమిక హక్కులను, వాటితోపాటు ఆస్తిహక్కును, పార్లమెంటు చేతికి అందకుండా చేసిన ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువాడు కోకా సుబ్బారావు. కొద్ది వారాలకే ఆయన పదవి వదలి ప్రతిపక్షాల రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిచినాడు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్నీ, రాజభరణాల రద్దునూ అదే కోర్టు కొట్టివేసింది. న్యాయస్థానం వర్గాలకతీతమన్న భ్రమకు ఇక తావెక్కడ? విద్యార్థి దశలో నేను ఇక్కడే ఆగిపోయి కుమారమంగళాన్ని సమర్థించినవాణ్ణే.

కాని పుస్తకాన్ని నిదానంగా చదివితే రెండు లోపాలు కనబడతాయి. లా కమిషన్ కోరినది సమర్థతను, దానితోపాటు స్వతంత్ర స్వభావాన్ని. రచయిత మొదటి సగం తీసుకొని రెండవ సగాన్ని దృక్పథంతో పూరించినాడు. ఇక కేశవానంద తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చింది. ప్రాథమిక హక్కులను సవరించే అధికారం పార్లమెంటుకున్నదని ఒప్పుకున్నది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపరాదన్నది. అనగా ఆ కంచె కేవలం భూస్వామి పొలం చుట్టూ వేసినది కాదు. అధికారం చుట్టూ వేసినది.

వాదన అసలు పరీక్షకు నిలిచినది మూడేండ్ల తరువాత. అత్యవసర పరిస్థితిలో నిర్బంధింపబడినవాడు తన నిర్బంధం అక్రమమని కోర్టు తలుపు తట్టవచ్చునా? తట్టవచ్చునని తొమ్మిది హైకోర్టులు అన్నవి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో, రేతో సహా నలుగురు కాదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే అవునన్నాడు. 1977 జనవరిలో సీనియారిటీ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి కావలసిన ఖన్నాను కాదని, ఆ నలుగురిలో ఒకరైన బేగ్‌ను నియమించినారు. ఖన్నా రాజీనామా చేసినాడు. ఈసారి ప్రభుత్వానికి నచ్చని దృక్పథం ఆస్తిపరుణ్ణి కాపాడినది కాదు, ఖైదీని కాపాడజూచినది. ఆ ఖైదీలలో ఎందరో మన కార్యకర్తలు, మన రచయితలు. 1973లో మనవాళ్ళు చప్పట్లు కొట్టి తెరిపించిన తలుపు గుండానే 1977 నాటి నియామకమూ నడచి వచ్చింది. నలుగురి తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో ప్రకటించింది. కాని నిర్బంధంలో గడచిన రోజులను ఏ తీర్పు తిరిగి ఇవ్వగలదు?

రచయిత నిబద్ధతకూ దీనికీ గల భేదం ఇక్కడే ఉన్నది. రచయితను ప్రజలపక్షాన ఎవరూ నియమించరు. తన పక్షం తానే ఎన్నుకొంటాడు, మూల్యం తానే చెల్లిస్తాడు. ప్రభుత్వం కోరే నిబద్ధతకు మూల్యం ప్రభుత్వమే చెల్లిస్తుంది, పదవి రూపంలో. అది ప్రజలకు కట్టుబడడం కాదు, పదవి ఇచ్చిన చేతికి కట్టుబడడం.

న్యాయమూర్తుల వర్గస్వభావాన్ని విమర్శించడం మన కర్తవ్యం. దానిని మానవలసిన పనిలేదు. అయితే ఆ విమర్శను పాలకుల చేతికి ఆయుధంగా అందించరాదు. ప్రభుత్వం ఒక న్యాయమూర్తిని దాటవేసి మరొకరిని ఎక్కించినప్పుడు, ఆయన అభ్యుదయవాదియా కాడా అని అడిగి ఊరకుంటే చాలదు. రేపు మనము బోనులో నిలబడినప్పుడు, తనను నియమించినవారిని కాదనగల స్వేచ్ఛ ఆయనకు మిగిలి ఉంటుందా అని అడగాలి.