పిలుపు వెనుక చేయి

ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు వెళ్తే నా చూపు ముందు బెంచ్ క్లర్కు మీదే పడుతుంది. జడ్జిగారి బల్ల ముందు, కింద కూర్చుని, కేసు పిలవగానే కట్టలోంచి ఫైలు లాగి, డాకెట్ పేజీ తెరిచి పైకి అందిస్తారు. ఎంత ఒడుపో! "పాసోవర్ అండీ, సీనియర్‌గారు పక్క కోర్టులో ఉన్నారు" అని జూనియర్ అంటే, జడ్జిగారు తలూపగానే ఆ ఫైలు పక్కకు చేరుతుంది. మధ్యాహ్నంలోగా మళ్లీ పైకొస్తుంది, మరుపన్నది లేదు.

సివిల్ దావాలో ప్రతివాది జవాబుకు, అంటే రిటన్ స్టేట్‌మెంట్‌కు, 30 రోజులు, కారణముంటే 90. ఆపైన ఇష్యూలు, సాక్ష్యం. విచారణలో ఒక్కో పక్షానికి మూడు వాయిదాలు మించకూడదని 2002లో అమల్లోకొచ్చిన సవరణ. ఆ లెక్కలన్నీ బెంచ్ క్లర్కు డైరీలోనే.

సరూర్‌నగర్ నుంచి వచ్చిన ఓ పెద్దమ్మ వాయిదా తేదీ అడిగితే, చీటీ మీద పెద్దక్షరాలతో రాసి చేతిలో పెడతారు.